లేదన్న మాట

అద్దం దించమని ముందు సీటులోంచి ఒక గొంతు, దించితే దుమ్ము కొడుతుంది వద్దని పక్కనుంచి ఇంకో గొంతు, రెండూ ఆమెతోనే అన్నాయి తప్ప ఒకదానితో ఒకటి అనుకోలేదు, ఇప్పుడేం చెయ్యమంటావమ్మా అన్నట్టు డ్రైవరు ఆమె వైపు ఓరగా చూశాడు, ఆమె మొహం పక్కకి తిప్పేసుకుంది. ఉడకండి. ఇద్దరూ ఈ ఇనప డబ్బాలో మూత పెట్టినట్టు ఉడకండి, నాకేం. ఏసీ పాడైన యూనివర్సిటీ కారు, మిట్టమధ్యాహ్నం, వీపుకి సీటు అతుక్కుపోతోంది, ముందు డ్రైవరు పక్కన ఆమె గైడు, అందరూ పిట్టల సారు అని పిలిచే పెద్దమనిషి, వెనక ఆమె పక్కన, మధ్యలో పిట్టల కూతలు పట్టే రికార్డర్ల పెట్టెని గోడలా నిలబెట్టుకుని, ఆమె రెండో గైడు, ఊళ్ళ బతుకుదెరువు లెక్కలు తీసే లెక్కల మేడమ్. ఎక్కడైనా పీహెచ్‌డీకి ఒక గైడు ఉంటారు, ఆ ఒక్కరితోనే జనం వేగలేక చస్తుంటారు, ఆమెకి ఇద్దరు. కారు బయల్దేరి అరగంట దాటింది, ఇద్దరూ ఇంతవరకు పొద్దుటి సంగతి ఎత్తలేదు, అద్దం గురించి మాట్లాడారు, నీళ్ళ సీసా గురించి మాట్లాడారు, అంతే. తిట్టొచ్చుగా. బహుశా ఎవరు ముందు తిట్టాలా అని చూసుకుంటున్నారేమో, నేను తిడితే పక్కవాళ్ళు సంతోషిస్తారేమోనని ఒకరికొకరు భయపడుతున్నారేమో. సారు మెడ వెనక చెమట కాలరులోకి దిగడం ఆమెకి కనిపిస్తోంది, ఆ మెడని మూడేళ్ళుగా పడవల్లో, బస్సుల్లో, క్లాసు గదుల్లో వెనకనుంచే చూసింది, ఈ మెడకి నేనంటే ఎంత కోపం, ఎంత ఎర్రగా ఉందో చూడు.

లేదు, అంది పొద్దున. అంత చిన్న మాటే. చిత్తడి ఒడ్డున రేకుల షెడ్డు, రెండు ఫ్యాన్లలో ఒకటే తిరుగుతోంది, ఎడమవైపు జమ్ము కోసి చాపలల్లేవాళ్ళు, ఆడవాళ్ళు ముందు, మగవాళ్ళు వెనక, కుడివైపు ఇస్త్రీ చొక్కాల మనుషులు, చిత్తడి అంచున ప్లాట్లకి రాళ్ళు పాతి రంగు గుడ్డలు కట్టి, ఈ నేలని ఎప్పుడు వదుల్తారా ఎప్పుడు మట్టి పోసి పూడ్చేద్దామా అని కాచుకుని ఉన్నవాళ్ళు. మధ్యలో బల్ల దగ్గర ఆఫీసరు. ఈ నేలని కాపాడిన నేలగా ఇంకా ఉంచాలా, తీసెయ్యాలా అని ఆయన పైకి రాసి పంపాలి. పిట్టల సారు లేచి, జమ్ముపిట్ట గూడు పెట్టే నెలల్లో జమ్ము కొయ్యకుండా ఆపాలని మాట్లాడాడు. లెక్కల మేడమ్ లేచి, కోసేవాళ్ళ హక్కు కాగితం మీదకి రావాలని మాట్లాడింది. ఒకరి మాటకి ఒకరు జవాబు చెబుతూనే, ఒకరి మొహం ఒకరు చూడకుండా, రేకులకి చెబుతున్నట్టు మాట్లాడారు. ఆఫీసరు ఆవులింత మింగి, చివరికి కుర్చీలో పక్కకి తిరిగి, "ఇంతకీ ఆ పిట్ట ఉందా అమ్మా? ఇక్కడే ఉండి చూసింది నువ్వేనట కదా," అన్నాడు. ఇద్దరూ ఒకేసారి నోరు తెరిచారు, ఆ తెరిచిన రెండు నోళ్ళనీ చూసింది ఆమె, చూసి, "లేదు" అంది. "రెండు సీజన్లుగా లేదు. ఒక్క గూడు లేదు, ఒక్క కూత లేదు."

ఆ తర్వాత షెడ్డులో పుట్టిన చప్పుడు ఇంకా చెవుల్లోనే ఉంది. ఎడమవైపు వాళ్ళు అరవలేదు, అరిచి ఉంటే బాగుండేది, ఊపిరి లోపలికి పీల్చారు అందరూ కలిసి, అంతే. కుడివైపు నుంచి ఒకాయన లేచి వచ్చి, నిలబడి ఉన్న ఆమెకి తన కుర్చీ వేశాడు. "కూర్చోండమ్మా" అన్నాడు, ఎంతో మర్యాదగా. ఆ కుర్చీ. ఈ చిత్తడి చుట్టూ కంచె వేసి, మట్టి లారీలు రాకుండా ఇన్నేళ్ళు ఆపింది ఆ ఒక్క పిట్టే. జమ్ము కోసం ఎవరూ చట్టం చెయ్యరు, చాపల కోసం అసలే చెయ్యరు, గోధుమరంగు పిట్టొకటి మెడ నిక్కించి జమ్ములో జమ్ములా నిలబడుతుంది కాబట్టి ఆ నేల మిగిలింది. పిట్ట లేకపోతే అది బీడు. అది ఆమెకి తెలుసు, తెలిసే అంది. కుర్చీలో కూర్చోలేదు. కూర్చోలేదు గానీ కుర్చీ ఇచ్చారుగా, అందరూ చూశారుగా, అత్త చూసింది.

అత్త అంటే సొంత అత్త కాదు, చిత్తడి ఒడ్డున జమ్ము కోసే మనిషి, మూడు సీజన్లు ఆమె ఉన్నది అత్త ఇంటి వెనక గదిలోనే. మొదటిరోజు ఆంటీ అంటే, ఆంటీ ఏంటి నోరూరని మాట, అత్తా అను అంది. పొద్దున షెడ్డులో ముందు వరసలో కూర్చుని ఆమెని చూసి చెయ్యూపింది. లేదు అన్నాక మళ్ళీ చూడలేదు, చీర కొంగు దులుపుకుంటూ కూర్చుంది, దుమ్మేమీ లేకపోయినా.

అసలు ఈ కోర్సులో చేరినప్పుడు ఎంత మురిసిపోయింది. జీవవైవిధ్య సంరక్షణ, సుస్థిర అభివృద్ధి, రెండూ కలిపి ఒకటే చదువు, పిట్టల్నీ చదవచ్చు మనుషుల్నీ చదవచ్చు, బోర్డు మీద ఆ పేరు పట్టక రెండో లైన్లోకి దిగింది. పిట్టలకి గైడు రెండో అంతస్తులో, మనుషులకి గైడు మూడో అంతస్తులో, రెండో అంతస్తు వాళ్ళు నువ్వు పైవాళ్ళ మనిషివి కదా అక్కడ అడుగు టేబులు అన్నారు, మూడో అంతస్తు వాళ్ళు నువ్వు కిందివాళ్ళ మనిషివి కదా అన్నారు, ఆఖరికి ఆమె టేబులు మెట్ల మలుపులో వేశారు, రెండుకీ మూడుకీ మధ్య, నీళ్ళ ఫిల్టరు పక్కన. వచ్చేపోయే ప్రతివాడి మోకాలూ ఆమె పుస్తకాలకి తగిలేది. ఫోన్లో చెబితే అన్నయ్య పడీపడీ నవ్వాడు, మెట్ల మీద డాక్టరేటా, కనీసం పైమెట్టు మీద ఇమ్మనవే అన్నాడు. నవ్వింది తనూ. అప్పట్లో నవ్వేది. ఆ మెట్ల మీదే ఇద్దరి మాటలూ మోసింది, మీ మేడమ్‌కి చెప్పు, మనుషులు తప్ప భూమ్మీద ప్రాణులే లేవనుకుంటే ఎలాగని. మీ సార్‌కి చెప్పు, పిట్టలకి ఓటు హక్కు కూడా అడగమని. చెప్పు, అడుగు, చెప్పు. ఆమె మోయకుండా ఊరుకుంటే మొయ్యలేదని కోపం, మోస్తే నువ్వు వాళ్ళ పక్షమా అని కోపం. ఒక అధ్యాయం రాస్తే రెండు కాపీలు, ఒకదాని మీద సారు ఎర్ర సిరా, ఒకదాని మీద మేడమ్ ఆకుపచ్చ సిరా, ఎర్ర సిరా ఉంచమన్నది ఆకుపచ్చ సిరా కొట్టేసేది, ఆకుపచ్చ ఉంచమన్నది ఎరుపు కొట్టేసేది. రెండూ కలిసి కొట్టేసింది ఒక్కటే, నాలుగో అధ్యాయం.

కారు గుంతలో పడి లేచింది, రికార్డర్ల పెట్టె ఆమె మోచేతిని గుద్దింది, మేడమ్ పెట్టెని పట్టుకుంది గానీ ఆమె చెయ్యి తగలకుండా పట్టుకుంది. ఆ చేతులే. ఒక చలికాలం మెట్ల మలుపులో జ్వరంతో టేబులు మీద తల వాల్చి పడుకుంటే, ఇంటికి పోతూ పోతూ ఆగి, తన ఒంటిమీది శాలువా తీసి భుజాల మీద కప్పిన చేతులు, శాలువా తిరిగిస్తే ఉంచుకో అని కసిరిన మనిషి. మరి ఆ మనిషిని ద్వేషించడం ఎలా. ద్వేషించవచ్చు, ఏం, శాలువా ఇచ్చినవాళ్ళని ద్వేషించకూడదని ఎక్కడుంది. సారు మాత్రం తక్కువా, మొదటి సీజన్లో మోకాళ్ళ లోతు నీళ్ళలో కదలకుండా నిలబడటం నేర్పింది ఆయనే, జలగ పట్టినా కదలకు, కదిలితే నీకు పిట్ట కనపడదు, నువ్వు పిట్టకి కనపడతావు అనేవాడు, తన కాలికి పట్టిన జలగని గంటసేపు అలాగే ఉంచుకున్నాడు, ఒడ్డుకి వచ్చాక చూపించి పిల్లాడిలా నవ్వాడు. ఆ మనిషే నాలుగో అధ్యాయం మీద ఈ చివర నుంచి ఆ చివరకి ఎర్రగీత గీసి, ఇది మన అంశం కాదు అని రాశాడు. మేడమ్ ఆకుపచ్చ గీత గీసి, అనవసరం అని రాసింది. ఆ అధ్యాయంలో ఆమె రాసిందల్లా నీళ్ళ గురించే. పైన కాలువ మళ్ళించాక చిత్తడిలో నీరు నిలవడం లేదు, పిట్ట గూడు కట్టిన వారాల్లోనే నేల తేలిపోతోంది, తేలిన నేల మీద ఊరకుక్కలు నడుచుకుంటూ గూళ్ళ దాకా పోతున్నాయి. జమ్ము కోసినచోటా పిట్ట పోయింది, కొయ్యనిచోటా పోయింది. అంటే ఇరవై ఏళ్ళుగా సారూ మేడమూ కొట్టుకు చస్తున్న ఆ కొయ్యాలా వద్దా అనే గొడవకీ, పిట్ట చావుకీ సంబంధమే లేదు. వాళ్ళిద్దరి పుస్తకాలూ, పదవులూ, మీటింగులూ, మంచినీళ్ళకి కూడా ఒకరి వైపు ఒకరు వెళ్ళకపోవడాలూ, అంతా పక్క వాకిట్లో జరిగిన పోట్లాట. ఆ మాట వాళ్ళ మొహం మీద అనాలని ఎన్నాళ్ళ నుంచి ఉంది ఆమెకి?

అదే కదా ఇప్పుడు గుచ్చుతోంది. అద్దంలో చెట్లు వెనక్కి పోతున్నాయి, పెట్రోలు బంకు పోయింది, గోడౌన్లు పోయాయి, ఆమె మాత్రం ఆ షెడ్డులోనే ఉంది, తన గొంతే మళ్ళీ మళ్ళీ వింటోంది, లేదు. ఎలా అంది? బాధగా అందా? లేదు. జాలిగా అందా, ఒక ప్రాణి పోయిందని చెప్పేవాళ్ళు చెప్పినట్టు? లేదు, లేదు. కంచం విసిరికొట్టినట్టు అంది. ఆ తెరిచిన రెండు నోళ్ళు చూసి, మూసుకోండి అన్నట్టు అంది, అంటున్నప్పుడు కడుపులో చల్లగా అయింది, దాహానికి నీళ్ళు దిగినట్టు. నిజమే చెప్పింది, కానీ కక్షతో చెప్పింది. ఆఫీసరు గదిలోకి వెళ్ళి మెల్లగా చెప్పొచ్చు, నీళ్ళ సంగతి కలిపి చెప్పొచ్చు, కాలువలో నీళ్ళు వదిలితే పిట్ట మళ్ళీ రావచ్చు అని చెప్పొచ్చు, ఇవన్నీ ఆమెకి తెలుసు, రాసుకుంది కూడా, ఆ క్షణంలో ఒక్కటీ నోటికి రాలేదు, రానివ్వలేదు. కక్షతో చెబితే నిజం అబద్ధం అవుతుందా? అవదు. మరి ఎందుకు నోరంతా చేదుగా ఉంది?

రైలు గేటు పడింది. డ్రైవరు ఇంజను ఆపి, దిగి, గేటు దగ్గరకి పోయి నిలబడ్డాడు, ఈ కారులో కూర్చోవడం కన్నా ఎండలో నిలబడటమే నయమనుకున్నాడేమో. లోపల ఒక్కసారిగా వేడి పెరిగింది. అప్పుడు జరిగింది. మేడమ్ తలుపు తీసుకుని దిగి, ముందు తలుపు దగ్గరకి వెళ్ళి, అద్దం మీద వేళ్ళతో తట్టింది. "ఒక్క నిమిషం రండి," అంది. సారుతో. సూటిగా సారుతో. ఆయన కూడా దిగాడు. ఇద్దరూ వెళ్ళి గేటు గది గోడ నీడలో నిలబడ్డారు, ఆయన తల వంచి వింటున్నాడు, ఆవిడ చేతులు తిప్పుతూ చెబుతోంది, తర్వాత ఆయన చెబుతున్నాడు, ఆవిడ తల ఊపుతోంది. మెట్ల మలుపులో కూర్చుని ఎన్నిసార్లు అనుకుంది, ఒక్కసారి ఈ ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకుంటే ఎంత బాగుండు, నా చదువు అయిపోయేది, నా ప్రాణం హాయిగా ఉండేది అని. ఇదిగో మాట్లాడుకుంటున్నారు. చక్కగా, మొగుడూ పెళ్ళాం కూతురి గురించి మాట్లాడుకున్నట్టు మాట్లాడుకుంటున్నారు, నా గురించే, నన్ను ఏం చెయ్యాలా అని.

ఫోను మోగింది. అత్త.

"కుర్చీ బాగుందా?" అంది అత్త.

"కూర్చోలేదు అత్తా."

"కూర్చోవాల్సింది. నీ కోసమే వేశాడు పాపం." వెనక ఎవరెవరో గట్టిగా మాట్లాడుకుంటున్నారు, మీటింగు అయిపోయినా షెడ్డు దగ్గరే ఉన్నట్టున్నారు. "మా ఇంట్లో తిన్నావు, మా ఇంట్లో పడుకున్నావు, మా పడవలో తిరిగావు. ఎందుకన్నావు ఆ మాట?"

"లేదు కదా అత్తా. లేనిదాన్ని ఉందని ఎలా అనను?"

"లేదని మాకు తెలీదనుకున్నావా?"

ఆమెకి వెంటనే అర్థం కాలేదు. బయట గంట కొడుతోంది, రైలు ఇంకా రాలేదు.

"ఊరందరికీ తెలుసు," అంది అత్త. "ఎవరం అనలేదు. మీ సారుకి కూడా తెలుసు. పోయినేడు ఒక్కడే వచ్చాడు, నువ్వు ఊళ్ళో లేవు. నా పడవలోనే తీసుకెళ్ళాను. పొద్దున్న కూర్చున్నవాడు చీకటి పడే దాకా కూర్చున్నాడు, తిండి లేదు, మాట లేదు. దిగేటప్పుడు, ఎవరితో అనకమ్మా అన్నాడు. నేను అనలేదు. ఆయన చదువుకున్నవాడు, ఏది అనాలో ఏది అనకూడదో తెలిసినవాడు. నువ్వేం చదువుకున్నావే?"

"అత్తా, నీళ్ళు..."

"నీ గదిలో సామాను బయట పెట్టిస్తున్నా. ఎవరినైనా పంపించి తీసుకుపో. నువ్వు రాకు."

ఫోను చెవికి అలాగే ఆనించుకుని కూర్చుంది, అవతల ఎవరూ లేకపోయినా. రైలు వచ్చింది, గూడ్సు బండి, పెట్టె తర్వాత పెట్టె, ఎంతకీ తెమలదు, కారు సన్నగా వణుకుతోంది. తెలుసు. అందరికీ తెలుసు. మూడు సీజన్లు మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, రికార్డర్లు పెట్టి, రాత్రుళ్ళు ఆ శబ్దాలన్నీ వింటూ కూర్చుని, తను ఒక్కతే కనిపెట్టానని గుండెలో రాయిలా మోసుకు తిరిగిన మాట ఊళ్ళో చాపలు అల్లుకునే ప్రతి మనిషికీ తెలుసు. కనిపెట్టిందేమీ లేదు. అందరూ నోరు నొక్కుకుని కాపాడుకుంటున్న గోడని వెళ్ళి ఒక్క తాపు తన్నింది, అంతే. మరి ఎన్నాళ్ళు కాపాడతారు, ఇంకో సీజనా, రెండా, కుడివైపు కుర్చీల వాళ్ళకి ఎప్పటికీ తెలీదా, వాళ్ళు డబ్బిచ్చి ఇంకొకర్ని పంపి లెక్క పెట్టించరా? అప్పుడు మీరందరూ అబద్ధాలకోరులని పేరొస్తే, కాలువ గురించి అడిగే నోరు కూడా మిగలదు కదా అత్తా. ఈ మాట ఇప్పుడు వచ్చింది. ఫోను పెట్టేశాక.

ఇద్దరూ వచ్చి ఎక్కారు. డ్రైవరు కూడా వచ్చి కూర్చున్నాడు గానీ గేటు ఇంకా లేవలేదు, అవతలి నుంచి ఇంకో బండి ఉందట. సారు వెనక్కి తిరక్కుండానే మొదలుపెట్టాడు.

"కనపడలేదు అనడం వేరు, లేదు అనడం వేరు. మొదటి ఏడాదే చెప్పాను నీకు."

"చెప్పారు సార్."

"మరి?"

"కనపడలేదనే రాశాను సార్ నాలుగో అధ్యాయంలో. ఎందుకు కనపడటం లేదో కూడా రాశాను. మీరు కొట్టేశారు."

"చూడు," అంది మేడమ్, పెట్టె మీదుగా ఆమె వైపు వంగి. గొంతు మెత్తగా ఉంది, శాలువా రోజున ఉన్నంత మెత్తగా. "మేమిద్దరం మాట్లాడుకున్నాం. రేపు ఆఫీసరు దగ్గరికి మేమిద్దరం కలిసి వెళతాం. నీ సర్వే పూర్తి కాలేదనీ, ఇంకో రెండేళ్ళు చూస్తేగానీ తేలదనీ, అనుభవం లేక తొందరపడ్డావనీ చెబుతాం. నువ్వు పక్కన నిలబడి అవునంటే చాలు. థీసిస్ ఈ ఏడే అయిపోతుంది, నాది పూచీ."

మేమిద్దరం. ఆ మాట ఎంత సులువుగా వచ్చింది ఆవిడ నోట్లోంచి.

"నా సర్వే పూర్తయింది మేడమ్."

"కాలేదంటే నీ సొమ్మేం పోతుంది? నీ నిజం వల్ల ఎన్ని గడపలు లేచిపోతాయో ఆలోచించావా? నీకు కుర్చీ వేసినవాడి మొహం చూశావా?"

"కాలువ గురించి చెప్పండి మేడమ్. ఎటూ ఇద్దరూ కలిశారుగా, ఇద్దరూ కలిసి కాలువ గురించి చెప్పండి. నీళ్ళొస్తే..."

"కాలువ ఎంత పెద్దవాళ్ళ కోసం మళ్ళించారో తెలుసా నీకు?" అన్నాడు సారు.

"తెలుసు సార్."

"తెలిస్తే మాట్లాడవు. కాలువ మన చేతిలో లేదు. పిట్ట పేరొక్కటే మన చేతిలో ఉంది. ఆ పేరు మీద నిలబడింది ఆ నేల. అది కూడా నువ్వు..." ఆయన ఆగాడు. మెడ మీద నరం కొట్టుకోవడం కనపడింది ఆమెకి.

ఇంతవరకు ఆమె నిర్ణయం ఏమీ చేసుకోలేదు. అవునంటే ఏమవుతుందో అని కూడా అనుకుంది, ఒక్క క్షణం, మెట్ల మలుపు ఉండదు, సిరాలు ఉండవు, అత్త గదిలో సామాను అలాగే ఉంటుంది. ఆ క్షణంలోనే సారు అలవాటుగా రుమాలు తీసి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు, ఎంతో నెమ్మదిగా, అంతా తేలిపోయిందన్నట్టు, ఆ నెమ్మది చూస్తే ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

"పోయినేడు మీరొక్కరే అత్త పడవలో వెళ్ళారట కదా సార్," అంది. "చీకటి పడేదాకా కూర్చున్నారట. ఏం వినపడింది?"

రుమాలు ఆగిపోయింది. మేడమ్ ఆమెని వదిలేసి ముందు సీటు వైపు తిరిగింది. "వెళ్ళారా?" అంది. ఆయన రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మీకు తెలుసా? తెలిసే నాతో ఇప్పుడు గోడ పక్కన ఇంకో రెండేళ్ళు చూస్తే దొరకొచ్చు అన్నారా?" రెండో బండి వచ్చి వెళ్ళిపోయింది. గేటు లేచింది. డ్రైవరు ఎవర్నీ అడక్కుండా బండి తీశాడు.

"నేను లేదనే అంటాను," అంది ఆమె. "రేపు అడిగినా అంటాను. నీళ్ళ గురించి కూడా అంటాను, పొద్దున అనకపోవడం నా తప్పు. థీసిస్ మీద మీ పేర్లు వద్దంటే తీసేస్తాను."

"వేరే గైడుని చూసుకో," అన్నాడు సారు.

మేడమ్ కిటికీలోంచి బయటికి చూస్తూ, "నా మాటా అదే," అంది. ఆ మాట ఎవరితో అందో తెలీదు. ఆవిడ కోపం ఇప్పుడు ఎటు తిరిగి ఉందో కూడా తెలీదు, ముందుకో, పక్కకో, అద్దం అవతలకో.

అయిపోయింది. ఇంతేనా? ఇన్నాళ్ళూ దీనికేనా భయపడింది? ఊరు దగ్గరవుతున్న కొద్దీ రోడ్డు పక్క కొట్లు, టైర్లు, పైపులు, మంచాలు, గాజు తలుపులు మోసుకుపోతున్న ఇద్దరు మనుషులు, ఆమె అన్నీ చూస్తోంది, ఏదీ లోపలికి పోవడం లేదు. అన్నయ్యకి ఏం చెప్పాలి, మెట్ల మీద నుంచి కూడా దింపేశారని చెప్పాలా, వాడు నవ్వుతాడు, నవ్వి, ఇంటికి రావే అంటాడు. టేబులు ఖాళీ చెయ్యాలి. ఇంకో ఊళ్ళో ఇంకో యూనివర్సిటీలో ఇంకో మెట్ల మలుపు దొరుకుతుందేమో చూడాలి. నాలుగో అధ్యాయాన్ని మొదటి అధ్యాయం చెయ్యాలి. కోపం ఇంకా ఉంది, కావలసినంత ఉంది, ఈ కోపం మీద ఇంకో రెండేళ్ళు బతకొచ్చు, కానీ దాని కింద ఏదో కదిలింది, కదిలి, ఏమిటా అని చూస్తే పిట్ట. పొద్దున్నుంచి ఇంతమంది ఇన్నిసార్లు పిట్ట పిట్ట అన్నారు, తను కూడా అంది, ఒక్కసారి కూడా అది కళ్ళముందుకి రాలేదు. ఆఖరిసారి కూసినప్పుడు ఆమె పడవలోనే ఉంది. తెల్లవారుతోంది, పొగమంచు, చేతులు కొంకర్లు పోతున్నాయి. ముందురోజు మేడమ్ ఆకుపచ్చ సిరాతో, ఇది కవిత్వం కాదు, థీసిస్ అని రాసిన కాగితం జేబులో ఉంది, దానికి జవాబు ఏం రాయాలా, ఎంత ఘాటుగా రాయాలా, సారు చూస్తే ఎంత సంతోషిస్తాడో, అబ్బ ఆయన సంతోషం కూడా భరించలేను అనుకుంటూ ఉంది, అప్పుడు జమ్ములోంచి కూత వచ్చింది. వాచీ చూసి టైము వేసుకుంది. మళ్ళీ జవాబులో పడిపోయింది. మళ్ళీ కూయలేదు, ఆరోజూ కూయలేదు, తర్వాతా కూయలేదు. ఆ నేల మీద ఆ గొంతు ఆఖరిసారి లేచినప్పుడు విన్న మనిషి తనొక్కతే, ఆ ఒక్క మనిషీ మనసులో ఇంకెవరితోనో పోట్లాడుతోంది. రికార్డరులో ఉండాలి, లేదు, ఆ మూల రికార్డరు ఆ వారం తడిసి ఆగిపోయింది. ఎలా కూసింది? కళ్ళు మూసుకుంది. గుర్తు తెచ్చుకుందామంటే ఆకుపచ్చ అక్షరాలే వస్తున్నాయి.

"సార్," అంది.

ఆయన మెడ కొంచెం కదిలింది.

"సార్, అది ఎలా కూసేది?"

"ఎగతాళా?" అన్నాడు ముందుకి చూస్తూనే.

"కాదు సార్. గుర్తు రావడం లేదు. విన్నాను, కానీ గుర్తు రావడం లేదు."

మేడమ్ తల తిప్పి ఆమె వైపు చూసింది. డ్రైవరు హారను కొట్టబోయి మానుకున్నాడు. కారు కూడలి దాటింది, స్కూలు గోడ దాటింది, ఇంక ఆయన మాట్లాడడనే అనుకుంది. అప్పుడు ముందు సీటులోంచి ఒక చప్పుడు వచ్చింది. లోతైన ఖాళీ కుండలోకి ఎవరో నోరు పెట్టి ఊదినట్టు, రెండుసార్లు, మధ్యలో ఊపిరి తీసుకుని, మూడోసారి కిందికి దిగి మట్టిలో కలిసినట్టు ఆగిపోయింది. ముసలి గొంతు, చివర్న దగ్గు కలిసింది. ఎవరూ నవ్వలేదు.

"అలా కాదు సార్," అంది ఆమె.

ఆయన మొదటిసారి వెనక్కి తిరిగి చూశాడు. కళ్ళద్దాలు ఇంకా చేతిలోనే ఉన్నాయి.

"మూడోది కిందికి దిగదు. పైకి లేస్తుంది. లేచి, అక్కడే ఆగుతుంది. అవతలి నుంచి ఇంకోటి పలుకుతుందేమోనని ఆగినట్టు."

ఆయన ఆలోచించాడు. పెదవులు కదిలాయి, లోపల్లోపల అనుకుని చూసుకుంటున్నట్టు. ఎదురుగా యూనివర్సిటీ గోడ మొదలైంది, డ్రైవరు వేగం తగ్గించాడు. ఆయన ముందుకి తిరిగి, గొంతు సవరించుకుని, మళ్ళీ మొదలుపెట్టాడు.